మా చిన్నాయన దుమ్ము బక్కెట్

ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. రోడ్డు పక్కన రేకుల షెడ్లు, వాటి ముందు వెంకటేశ్వరస్వామి, ఆంజనేయుడు, బుద్ధుడు, వాళ్ల పక్కనే ఏదో పార్టీ నాయకుడు. బండి ఆపి ఫొటో తీసుకుంటాం. అదే షెడ్డులో ఓ పావుగంట నిలబడితే మన కనుబొమ్మలు తెల్లబడతాయి. మిషన్ రాయిని తాకిందంటే చాలు, పొగలా లేస్తుంది దుమ్ము.

మా చిన్నమ్మ తమ్ముడు, అంటే నాకు మామ, ఆ దుమ్ములోనే పాతికేళ్లుగా విగ్రహాలు చెక్కుతున్నాడు. పండక్కి నంద్యాల వస్తే రాత్రంతా దగ్గు. గ్రానైట్‌లోని సిలికా కంటికి ఆననంత సన్నటి పొడిగా ఊపిరితిత్తుల్లోకి చేరితే సిలికోసిస్ వస్తుంది. వచ్చాక దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోతుందని మామ నమ్మకం.

చిన్నాయనది నంద్యాల్లో వెల్డింగ్ షాపు. 2017లో ఒకరోజు పాత ఎయిర్ కూలర్ మోటారు ఒకటి విప్పి, గ్రైండర్‌కు రేకు డిప్ప తొడిగి, దానికి పైపు తగిలించి, ఆ పైపును నీళ్ల బక్కెట్‌లోకి దించాడు. డిప్ప దగ్గర లేచిన దుమ్మును మోటారు లాగుతుంది, నీళ్లు పట్టుకుంటాయి. మామ రాయి కోశాడు. పది నిమిషాలకు బక్కెట్‌లో నీళ్లు మజ్జిగయ్యాయి. చిన్నమ్మ ఆ బక్కెట్‌లోకి చూసి, "ఇదంతా వీడి కడుపులోకి పోతాండెనా?" అంది. ఆ మాటతోనే చిన్నాయనకు వ్యాపారం ఆలోచన వచ్చింది.

అదే ఏడాది చింతకింది మల్లేశంకు పద్మశ్రీ వచ్చింది. ఆలేరు దగ్గర శారాజీపేట చేనేత కుటుంబం. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేతిని దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి, 1999లో ఆసు యంత్రం పూర్తిచేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది. చిన్నాయన ఆ పేపర్ కటింగ్‌ను షాపులో అంటించుకున్నాడు. "ఆరో తరగతి చదివినాయన చేసినాడు, నేను పది పాసైనా కదా పాపా" అనేవాడు.

మొదటి బక్కెట్‌కు పాత సామాను పోగా ఖర్చు 900 రూపాయలు. ఆ లెక్కే మమ్మల్ని మోసం చేసింది. అమ్మేదానికి పాత మోటారు పెట్టలేం కదా. కొత్త మోటారు, రేకు, పైపు, స్విచ్చు, కుర్రాడి కూలీ, అన్నీ కలిపితే 3,400 తేలింది. తనకో 400, రవాణా 150. హార్డ్‌వేర్ షాపు యజమాని తన వాటా వేసుకుంటే 4,900. గ్రైండర్ రెండున్నర వేలకు దొరుకుతుంటే, దాని దుమ్ము పట్టే బక్కెట్ అంతకు రెట్టింపా? పైగా ఆ యజమాని అడిగిన మొదటి ప్రశ్న దుమ్ము గురించి కాదు. "జీఎస్టీ బిల్లు ఇస్తావా? చెడిపోతే ఎవరొస్తారు?"

ఇరవై బక్కెట్లు చేయడానికి 68,000 కావలసి వచ్చింది. చిన్నమ్మ గొలుసు బ్యాంకులో కుదువకు వెళ్లింది. (ఇంగ్లండ్‌లో జేమ్స్ డైసన్ తన వాక్యూమ్ క్లీనర్ కోసం 5,127 నమూనాలు చేస్తున్న రోజుల్లో, డ్రాయింగ్ టీచరైన భార్య జీతం మీదే ఇల్లు గడిచిందట. ఏ దేశంలోనైనా ఇలాంటి పనులకు మొదటి బ్యాంకు ఇల్లాలే కాబోలు.)

ఏడు అమ్ముడయ్యాయి. మూడు వెనక్కి వచ్చాయి. తిరిగిచ్చిన శిల్పుల్లో ఒకాయన తిట్టలేదు. చిన్నాయనను పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. "దిమ్మె కోసేటప్పుడు నీ డిప్ప బాగుందన్నా. మొగం చెక్కేటప్పుడు గీత కనపడల్ల గదా? డిప్ప అడ్డమొస్తే దేవుని కన్ను వంకర పోతాది. లచ్చ రూపాయల రాయి."

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్లు. ఈ సంగతి చిన్నాయనకు తెలియడానికి ఏడాది పట్టింది. మల్లేశంకు ఆసు పోసే మనిషి ఇంట్లోనే ఉంది, తనూ ఆ పని తెలిసినవాడే. మా చిన్నాయన ఉలి పట్టిందే లేదు. మామనైనా అడగొచ్చు. కానీ బావ ఇంత కష్టపడి చేస్తే బాగలేదని మామ ఎట్లా అంటాడు? బాగుంది బావా, బాగుంది బావా అంటూనే ఏడాదిపాటు, మొగం చెక్కాల్సి వచ్చినప్పుడల్లా డిప్ప విప్పి పక్కన పెట్టాడట.

డిప్పను సగానికి కోసి, అంచుకు బ్రష్షు కుచ్చు పెట్టి చిన్నాయన సరిచేశాడు. ఇక ఇక్కడ నా ఘనకార్యం చెప్పాలి.

2018లో మా పేపర్లో నేనే రాశాను. అర పేజీ. చిన్నాయన ఫొటో, పక్కన బక్కెట్ లోపల పైపు ఎక్కడ, నీళ్లు ఎంత, గాలి ఎటు పోతుంది అన్నీ బాణం గుర్తులతో బొమ్మ. నేను పట్టుబట్టి వేయించిన బొమ్మ. వారం పాటు ఫోన్లే ఫోన్లు. చిన్నాయన ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. 'డీలర్‌షిప్ కావాలంట', 'ఉచితంగా ఒకటి పంపాలంట', 'కొడుకు కాలేజీ ప్రాజెక్టుకు డ్రాయింగు కావాలంట'. రెండు వందలకు పైగా ఫోన్లలో కొన్నది ఎవరూ లేరు.

ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక పేటెంటు లాయరును కలిశాం. ఆయన ఓపిగ్గా విన్నాడు. విదేశీ కంపెనీలు గ్రైండర్లకు ఇలాంటి డిప్పలు ఎప్పటినుంచో అమ్ముతున్నాయని చెప్పాడు. "మీ బక్కెట్ అమరికలో కొత్తదనం ఉంటే ఉండొచ్చు. ఇదివరకు ఎక్కడైనా బయటపెట్టారా?" అని అడిగాడు. చిన్నాయన ముఖం వెలిగిపోయింది. సంచిలోంచి లామినేషన్ చేయించిన నా వ్యాసం తీసి బల్లమీద పెట్టాడు.

లాయరు బొమ్మను చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

మన చట్టం ప్రకారం దరఖాస్తుకు ముందే ఆ సంగతి లోకానికి తెలిసిపోతే అది కొత్తది కాదు. ఆవిష్కర్త తన ఇష్టంతో పేపరుకు చెప్పినా అంతే. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలవంటి కొద్ది సందర్భాలకే మినహాయింపు. తాత్కాలిక వివరాలతో ముందు దరఖాస్తు పెట్టుకుంటే, పూర్తి వివరాలకు పన్నెండు నెలల గడువు దొరికేది. సొంత పేరుతో ఆన్‌లైన్‌లో పెట్టే వ్యక్తికి దానికయ్యే ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు. (లాయరు ఫీజు వేరే.) మల్లేశంలాంటి వారికి తోడ్పడిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉందని, హైదరాబాద్‌లోనే పల్లెసృజన ఉందని నాకు తెలుసు. వాళ్ల గురించి వార్తలు కూడా రాశాను. ముందు వాళ్లకు ఒక ఫోన్ చేయాలని మాత్రం తట్టలేదు. వ్యాసం ఆదివారానికి అందించాలన్న తొందర.

తిరుగు ప్రయాణంలో డోన్ దాటేదాకా చిన్నాయన మాట్లాడలేదు. తర్వాత, "బొమ్మ మాత్రం బాగా వేసినారు పాపా" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. నాకు అదే కష్టమనిపించింది.

పేటెంటు ఉంటే మాత్రం కోర్టుల చుట్టూ తిరిగేవాడా అంటే, తిరిగేవాడు కాదు. గొలుసు విడిపించడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ చిన్నమ్మ పెళ్లిళ్లకు పసుపుతాడుతోనే వెళ్లింది. నన్ను ఒక్క మాట అనలేదు.

మొన్న సంక్రాంతికి ఇద్దరం ఆళ్లగడ్డ వెళ్లాం. మామ పక్క షెడ్డులో ఒక దుమ్ము బక్కెట్ కనిపించింది. మాది కాదు. ప్లాస్టిక్ డిప్ప, సన్న పైపు. వేరే ఊళ్లో ఎవరో చేసి 2,600కు అమ్ముతున్నారట. లోపలి అమరిక నా బొమ్మలో ఉన్నట్టే ఉంది. మోటారు కాలిపోయింది. అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తడం లేదట. ఆ షెడ్డాయనకు అది ఎవరి ఆలోచనో తెలియదు. చిన్నాయన వెల్డింగ్ పని చేస్తాడని మాత్రం మామ చెప్పాడు.

చిన్నాయన మోకాళ్లమీద కూర్చుని విప్పాడు. బండిలోంచి మోటారు తెచ్చి బిగించాడు. మా అటక మీది బక్కెట్లలో ఒకదాన్నుంచి విప్పి తెచ్చుకున్న మోటారు అది. పైపును నీళ్లలోకి ఇంకో రెండు అంగుళాలు దించాడు. "ఇట్ల ఉంటేనే పట్టుకుంటాది" అన్నాడు. 1,500 తీసుకున్నాడు. అవతల మామ ఆంజనేయుడి ముఖం చెక్కుతున్నాడు, సగం డిప్ప కూడా విప్పి పక్కన పెట్టి. చిన్నాయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ముక్కుకు కట్టిన గుడ్డ తీసేసి, నేను తెచ్చిన మాస్కు మాత్రం మామ పెట్టుకున్నాడు.

బండెక్కేటప్పుడు చిన్నాయన నోటుబుక్కు తీసి ఏదో కొట్టేశాడు.

"ఇంక పన్నెండు ఉండాయి పాపా" అన్నాడు.