సగమే చూచిన బొమ్మ



సేవకుని ఇంట సినిమా ఏమిటని కొందరు అడుగవచ్చును. మేమును ఒకప్పుడు అలాగే బోధించినవారమే. అయినను గత డిసెంబరులో మా ఇంట జరిగిన సంగతి దాచక వ్రాస్తున్నాము.

1991 క్రిస్మస్ రాత్రి మా ఊరి మందిరము ఎదుట అద్దె వి.సి.పి., కలర్ టి.వి. పెట్టి ‘బెన్‌హర్’ క్యాసెట్టు వేశారు. మేమూ మా అన్నయ్యా ఒకే దుప్పటి కప్పుకొని చాప మీద కూర్చున్నాము. ఇంగ్లీషు ఎవరికీ రాదు గనుక సంఘపెద్ద ఒకరు మైకులో కథ చెప్పేవారు. బొమ్మ గీతలు పడి వణికేది. మాకు అర్థమైనదల్లా రథాల పందెమే. మరునాడు పాత సైకిలు టైర్లు దొర్లించుకొంటూ ఆ పందెమే ఆడాము.

గత డిసెంబరులో, హైదరాబాదులో ఉద్యోగము చేసే అన్నయ్య కుమారుడు అదే చిత్రమును బ్లూ-రే డిస్కులలో, ప్లేయరుతో సహా తెచ్చాడు. “బాబాయ్, చిన్నప్పుడు మీరూ నాన్నా చూసిందే. నాన్నను కూడా పిలవనా?” అన్నాడు. మేము జవాబు చెప్పలేదు. మా తండ్రిగారు ప్రభువునందు నిద్రించిన తరువాత ఇంటి స్థలము పంపకములో ఒక గోడ దగ్గర మాట పెరిగింది. నాలుగేండ్లుగా మేమూ అన్నయ్యా మాట్లాడుకోలేదు.

డిస్కు వేయగానే తెర పైనా క్రిందా నల్లని పట్టీలు కనబడ్డాయి. టి.వి. చెడిపోయిందేమోనని మా శ్రీమతి కంగారుపడింది. అబ్బాయి నవ్వి వివరించాడు. 1959లో విలియం వైలర్ ఈ చిత్రమును 65 మిల్లీమీటర్ల ఫిలిముపై తీశారు. బొమ్మ ఎత్తుకంటె వెడల్పు రెండు ముప్పాతిక రెట్లు. పాత టి.వి. తెర ఇంచుమించు నలుచదరము గనుక, అందులో పట్టించుటకు రెండు ప్రక్కలా కోసివేసేవారు. సగము కంటె ఎక్కువ బొమ్మ పోయేది. 2011లో అసలు నెగెటివునే స్కాను చేసి, శుభ్రపరచి ఈ డిస్కులు విడుదల చేశారు.

ఇప్పుడు చెమట చుక్క, ధూళి కూడ స్పష్టముగా కనబడుతున్నాయి. నజరేతులో గొలుసులతో దాహముతో పడిపోయిన యూదా బెన్‌హర్‌కు నీళ్లు ఇయ్యవద్దని రోమా అధికారి ఆజ్ఞాపిస్తాడు. వడ్రంగి ఒకరు వచ్చి త్రాగిస్తారు. ఆయన ముఖము చిత్రమంతటిలో ఎక్కడా చూపలేదు. కొరడాతో వచ్చిన అధికారి ఆయనను చూచి తడబడి వెనుదిరుగుతాడు. ఆ తడబాటును బట్టియే ఆయన ఎవరో మనకు తెలుస్తుంది. చిన్నప్పుడు ఈ దృశ్యము చూచినట్లే మాకు జ్ఞాపకము లేదు.

పందెములో యూదా గెలిచాడు, శత్రువైన మెస్సాలా మరణించాడు. అయినా పగ చల్లారలేదు. నీవే మెస్సాలావలె మారిపోయావని ఎస్తేరు అతనితో అన్నప్పుడు మేము తలదించుకొన్నాము. బలిపీఠము నొద్ద కానుక విడిచి మొదట సహోదరునితో సమాధానపడవలెనని మత్తయి 5వ అధ్యాయము నుండి ఆ నాలుగేండ్లలో రెండుసార్లు ప్రసంగించాము. ప్రభువు బల్లయు ఇచ్చాము. ఆ బోధ మాకు కాదన్నట్లే జీవించాము.

కోపము కూడ ఆ క్యాసెట్టువంటిదే. ప్రక్కలు కోసివేసి, ఒక గోడను మాత్రమే మా ఎదుట నిలిపింది. ఒకే దుప్పటి పోయింది. మేము వేదాంత డిప్లొమా చదివే రోజులలో మిరపకోతకు కూలికి పోయి మెస్సు డబ్బు పంపిన అన్నయ్య పోయాడు.

మరునాడు మొదటి బస్సుకు మా ఊరు వెళ్లాము. వదిన గుమ్మములో నిలిచి ఒక్క క్షణము చూచి, లోపలికి వెళ్లి చెంబుతో మంచినీళ్లు తెచ్చింది. అవి త్రాగుచుండగా మాట పెగలలేదు. “అన్నయ్యా, నన్ను క్షమించు” అన్నాము. ఆయన చాలాసేపు ఊరకుండి, “టిఫిను చేశావట్రా?” అన్నారు.

గోడ సంగతి ఇంకా తేలలేదు. అయితే ఆ ఆదివారము సాయంత్రము అన్నయ్యా వదినా మా ఇంటికి వచ్చారు. డిస్కు మళ్లీ వేశాము. రథాల పందెము రాగానే అన్నయ్య మా వైపు చూచి, “టైర్లు గుర్తున్నాయిరా?” అన్నారు.

ప్రియులారా, మీరు సగమే చూస్తున్న సహోదరుడు ఎవరైనా ఉన్నారా? ఆలస్యము చేయకుడి. ప్రభువు మనకు సమాధానము దయచేయును గాక. ఆమేన్.