బార్ ఎక్కడ దించింది?

జనవరి చివరి వారం, తెల్లవారుజామున ఐదున్నర. శాంటా క్లారాలో ఆ వేళకి ఇంకా కటిక చీకటి. మా అమ్మాయి కారు ఎల్ కమీనో రియల్ దాటి, షెడ్లూ గోడౌన్లూ వరసగా ఉన్న ఒక వీధిలోకి తిప్పింది. ఒకవైపు కార్ల మెకానిక్ షెడ్డు, ఇంకోవైపు గ్రానైట్ పలకలమ్మే కొట్టు. మధ్యలో సగానికి ఎత్తిన షట్టర్. దాని కింద నుంచి వెలుతురు, ఇనుము నేలకి తగులుతున్న చప్పుడు.

"ఇదేనా మీ జిమ్ము?"

"ఇక్కడ దీన్ని బాక్స్ అంటారు నాన్నా" అంది.

శ్రీకాకుళం జిల్లా సర్కారు బడుల్లో ముప్ఫయ్యేళ్లు డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ని. జిమ్ము అంటే గోడనిండా అద్దాలు, కుర్చీల్లాంటి మెషీన్లు ఉంటాయనుకుని వచ్చాను. లోపల అద్దం ఒక్కటీ లేదు. రబ్బరు నేల, ఇనప కమ్మీలు, పైకప్పు నుంచి వేలాడే మోకులు, చెక్కపెట్టెలు, ఇసుక సంచులు, చేతులకి రాసుకునే తెల్లపొడి బకెట్టు. మా విజయనగరం వైపు పాత తాలింఖానాలు గుర్తొచ్చాయి. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు ఈ షెడ్డులో అడుగుపెడితే అలవాటైన చోటే అనుకునేవారు.

గోడమీద పెద్ద తెల్లబోర్డు. దానిమీద ఆ రోజు పాఠం ఒక్క మాటలో రాసి ఉంది: ఫ్రాన్.

ఈ జిమ్ములో నేర్పే కసరత్తు పద్ధతి పేరు క్రాస్‌ఫిట్. వాళ్ల పరీక్షల్లో బాగా పేరుమోసినది ఫ్రాన్. బార్ భుజాల మీద పెట్టుకుని గుంజీ తీసినట్టు కిందికి దిగి, లేస్తూ అదే ఊపులో తలపైకి ఎత్తాలి. దాన్ని థ్రస్టర్ అంటారు. అవి 21 అయ్యాక కమ్మీకి వేలాడి 21 పుల్-అప్స్. తర్వాత రెండూ పదిహేనేసి, ఆపైన తొమ్మిదేసి. బరువు మగవాళ్లకి 43 కిలోలు, ఆడవాళ్లకి దాదాపు 30. ఆరితేరినవాళ్లు మూడు నిమిషాల్లోపే ముగించేస్తారట. ఒకప్పుడు తుపాన్లకి ఆడపేర్లు పెట్టినట్టు ఇలాంటి పరీక్షలకీ పెట్టారు. హెలెన్, గ్రేస్, సిండీ ఆ కోవలోవే.

ఈ పద్ధతి పుట్టిందీ ఈ చుట్టుపక్కలే. కొండలు దాటితే వచ్చే శాంటా క్రూజ్‌లో గ్రెగ్ గ్లాస్‌మన్ జిమ్ము నడిపాడు, అక్కడి పోలీసులకి తర్ఫీదు ఇచ్చాడు. 2000లో క్రాస్‌ఫిట్ కంపెనీ పెట్టాడు. ఒకే కసరత్తుకి ఒళ్లు అలవాటుపడకుండా రోజూ మార్చాలి, రోజువారీ పనుల్లో ఒంటికి అవసరమయ్యే కదలికలే చేయాలి, తీవ్రంగా చేయాలి. ఆయన సూత్రం అంతే. శాంటా క్లారా నుంచి దక్షిణంగా గంట ప్రయాణంలో అరోమస్ అనే పల్లె ఉంది. 2007లో అక్కడి ఒక పశువుల క్షేత్రంలో మొదటి క్రాస్‌ఫిట్ గేమ్స్ పోటీలు జరిగాయి. మొదటి అంశం ఏమిటో ముందుగా ఎవరికీ తెలియదు. తంబోలాలో అంకెలు తీసినట్టు బంతులు తీసి, వచ్చిన కదలికలతో అప్పటికప్పుడు పోటీ కట్టారు. ఏది వచ్చినా తట్టుకునేవాడే దృఢమైనవాడని వాళ్ల వాదన. మరుసటి ఏడాది గెలిచిన జేసన్ ఖలీపా ఈ శాంటా క్లారాలోనే నార్‌కాల్ క్రాస్‌ఫిట్ అనే జిమ్ము నడిపాడు. ఆ ఏటి చివరి అంశంలో 70 కిలోల బార్‌ని 30 సార్లు నేల మీంచి తలపైకి ఎత్తాల్సి వచ్చింది.

ఆరుగంటల క్లాసులో మా అమ్మాయిలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే ఎక్కువ. వాళ్లలో తెలుగు మాటలూ వినిపించాయి. కోచ్ నలభయ్యేళ్ల ఆవిడ. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి బరువు తగ్గించింది. పుల్-అప్ రానివాళ్లకి కమ్మీకి రబ్బరు పట్టీ కట్టింది. కొత్తగా వచ్చిన ఒకతన్ని సగంలోనే ఆపించింది. అలవాటులేని ఒంటిని ఒక్కసారిగా విరగదీస్తే కండరాలు చితికి, వాటి సరుకు రక్తంలో కలిసి మూత్రపిండాల మీద పడుతుంది. దానికి రాబ్డో అని పేరు, మూత్రం డికాషన్ రంగులోకి మారితే ఆస్పత్రికి పరిగెత్తాలి. ఆ సంగతి ఆవిడ కొత్తవాళ్లకి మొదటి రోజే చెబుతుందట.

ఏడు దాటాక ఉద్యోగస్తులు వెళ్లిపోయారు. పోటీలకి తయారవుతున్న ఐదుగురు మిగిలారు. ఓపెన్ అనే పోటీకి ఇంకో నెలే ఉంది. మూడు వారాలపాటు వారానికొక పరీక్ష గురువారం ప్రకటిస్తారు, సోమవారం లోపు ప్రపంచంలో ఎక్కడున్నవాళ్లు అక్కడే చేసి లెక్క పంపాలి. గుంజీలో తుంటి మోకాలికంటే కిందికి దిగకపోతే జడ్జి "నో రెప్" అంటాడు, ఆ ఒక్కటీ మళ్లీ చేయాల్సిందే.

ఒకమ్మాయి ఫ్రాన్ మొదలుపెట్టింది. గోడమీద ఎర్ర అంకెలు పరిగెడుతున్నాయి. నా కళ్లు గడియారం మీదే ఉన్నాయి. కోచ్ మాత్రం దానివైపు చూడనే లేదు. చేతిలో పుస్తకం పట్టుకుని ఏదో గీస్తోంది. అమ్మాయి ముగించి నేలమీద వెల్లకిలా పడ్డాక ఆ పేజీ చూపించమన్నాను. సమయం ఒక మూలన చిన్నగా ఉంది. మిగతా పేజీ అంతా ఒక లెక్క. మొదటి 21 థ్రస్టర్లు ఏకబిగిన. పుల్-అప్స్ 12 దగ్గర కమ్మీ వదిలింది. 15లో థ్రస్టర్లు ఏకబిగిన, పుల్-అప్స్ 7, 5, 3.

"బార్ ఎక్కడా దించలేదు, చూశారా? కాళ్లలో సత్తువ ఉంది, ఊపిరీ ఉంది. జారుతున్నది పిడికిలి. ఈ నెల ఈ పిల్లకి ఇంకో కిలో బరువు ఎత్తించి లాభం లేదు, వేలాడటం నేర్పాలి" అంది.

"రేపు మళ్లీ ఫ్రాన్ పెడతారా?"

ఆవిడ నవ్వింది. "మూడు నెలలదాకా పెట్టను. ఇది పరీక్ష. రేపటినుంచి సాధన."

రోజుకొకటి మార్చడమంటే నోటికొచ్చింది చేయించడం కాదని పుస్తకం వెనక్కి తిప్పి చూపించింది. ఒంటితో చేసేవి, బరువులెత్తేవి, పరుగు, పడవ తెడ్డు మెషీన్ లాంటి దమ్ము పనులు. ఈ మూడు జాతుల్లోంచి మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడూ కలిపి, నాలుగో రోజు విశ్రాంతి. గ్లాస్‌మన్ 2003లో రాసిన నమూనా ఇదేనట. పోటీవాళ్లకి దానిపైన ఎవరి లోపాన్ని బట్టి వాళ్లకి అదనపు పని. కదలికలు మారుతుంటాయి, లెక్క రాసే తీరు మాత్రం మారదు.

ఆ మాట వింటుంటే నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. చాలా ఏళ్ల కిందట మా బడిలో 1500 మీటర్లు చక్కగా పరిగెత్తే కుర్రాడు ఉండేవాడు. జిల్లా పోటీలకి పది రోజులుందనగా రోజూ సాయంత్రం గడియారం పట్టుకుని పూర్తి దూరం పరిగెత్తించాను. నిన్నటికంటే తగ్గిందా లేదా, అదే చూపు. వాడు పోటీ రోజుకి పిక్కలు పట్టేసి మూడో చుట్టులో ఆగిపోయాడు. దిగులుపడ్డాడని వాణ్నే కోప్పడ్డాను. అన్ని రోజులూ పరీక్షే పెట్టాను, సాధన ఒక్కరోజూ చేయించలేదు. వాడు ఏ చుట్టులో నెమ్మదించేవాడో నా దగ్గర ఒక్క ముక్క రాసి లేదు.

ఈ ఆటలో నాకు నచ్చనివీ ఉన్నాయి. గడియారం కోసం తొందరపడి, అలసిన చేతులతో స్నాచ్, అంటే బార్‌ని నేల మీంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడం, చూస్తే భయమేసింది. స్నాచ్ మా జిల్లాకి బాగా తెలిసిన విద్య. ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చింది. అందులో ఒక్కొక్క ఎత్తుకీ ముందు కుదుటపడే వ్యవధి ఉంది. ఇక్కడ లేదు. 2024 ఆగస్టులో ఫోర్ట్ వర్త్‌లో జరిగిన క్రాస్‌ఫిట్ గేమ్స్‌లో పరుగు తర్వాత చెరువులో ఈత పెడితే, సెర్బియా క్రీడాకారుడు లాజర్ జుకిచ్ మునిగి చనిపోయాడు. పరీక్ష ఎంత కఠినంగా ఉంటే కాపలా అంత గట్టిగా ఉండాలని ఆ చావు చెబుతోంది. ఆ మాటే కోచ్‌తో అంటే ఆవిడ కాదనలేదు.

షట్టర్ కింద నుంచి బయటికొచ్చేసరికి బాగా తెల్లవారింది. శాన్ హోసే విమానాశ్రయంలో దిగే విమానం నెత్తిమీద నుంచే వెళ్లింది. అమ్మాయిని దారిలో కారు ఆపమని ఒక నోటుపుస్తకం కొన్నాను.

సర్వీసులో ఉన్న తోటి వ్యాయామ ఉపాధ్యాయులకి ఒక్క మనవి. రోయింగ్ మెషీన్లు, రబ్బరు నేలలు మన బడులకి ఇప్పట్లో రాకపోవచ్చు. పిల్లకొక పేజీ చొప్పున పుస్తకం పెట్టండి. మూడు నెలలకొకసారి పరీక్షించండి. ఎంతసేపట్లో ముగించారో మూలన రాసుకోండి, ఎక్కడ ఆగారో మధ్యలో రాయండి. మిగతా రోజులన్నీ ఆ ఆగినచోటు మీద పనిచేయించండి.