గ్యాస్ పొయ్యికి మసేంటి?

ఓయూలో ఇంజినీరింగ్ అయ్యాక తార్నాక రూమ్ వదిలేసి మౌలాలికి మారాను. వంట నేనే. గిన్నెల అడుగున రోజూ నల్లటి మసి. తోమేవాణ్ని, మర్నాడు మళ్లీ అంతే.

మొన్న చలికాలంలో అమ్మ వచ్చింది. "కట్టెల పొయ్యికైతే మసి పడతది. గ్యాస్‌కు మసేంది బిడ్డా?" అంది. మంట చూస్తే, నీలంగా ఉండాల్సింది పసుపుగా ఊగుతోంది.

అప్పుడు వెలిగింది. సరిపడా గాలి అందకపోతే గ్యాస్ పూర్తిగా కాలదు. మిగిలిన కార్బనే ఈ మసి. దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా రావచ్చు. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. నేనేమో దోమలొస్తాయని కిటికీ మూసి వండుతున్నా!

రెగ్యులేటర్ ఆపి, చల్లారాక బర్నర్ తీశాను. పొంగిన పాలు, పప్పు ఎండిపోయి సగం రంధ్రాలు పూడిపోయాయి. సబ్బునీళ్లలో నానబెట్టి, సూదితో పొడిచి, బాగా ఆరబెట్టి బిగించాను. మంట నీలంగా నిలబడింది. అప్పటికీ పసుపుగానే ఉంటే మెకానిక్‌ను పిలవాల్సిందే.

ఎర్రర్ లాగ్ చెరిపేసి బగ్ పోయిందంటే ఆఫీసులో ఊరుకుంటారా? ఇంట్లో ఏడాదిగా నేను చేసింది అదే. మీ గిన్నె అడుగు ఓసారి చూడండి. నల్లగా ఉంటే, ముందు కిటికీ తెరవండి.