నారాయణఖేడులో నొక రాత్రి

మా చెల్లెలు నారాయణఖేడునందు కాపురముండబట్టి నాలుగేండ్లయినది. మా మఱదిగారు అచ్చటి ప్రభుత్వపాఠశాలలో నుపాధ్యాయులు. ప్రతి దీపావళికిని రమ్మని యామె పిలుచుటయు, ఏదో యొక సాకు చెప్పి నేను మానుటయు నాచారమైపోయినది. గడచిన యేటి దీపావళికి మాత్రము వెళ్ళితిని. చెల్లెలిపై ప్రేమచేతనే వెళ్ళితినని చెప్పిన నసత్యమగును. మా వారి బట్టలదుకాణము మూతపడినది. అప్పులు తీర్చుటకై స్వంతయిల్లు అమ్మివైచితిమి. రెండు గదుల యద్దెయింటిలో దీపములు పెట్టుటకు నాకు మనసొప్పలేదు. ఇరుగుపొరుగువారి పరామర్శలనుండి నాలుగు దినములైనను తప్పించుకొనవచ్చునని, మా వారిని లెక్కల పుస్తకములకు విడిచి, నేనొక్కతెనే బయలుదేరితిని. ఇల్లు అమ్మిన సంగతి చెల్లెలికి తెలియనీయలేదు.

హైదరాబాదునుండి నారాయణఖేడు నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము. సంగారెడ్డి, జోగిపేటల మీదుగా పోవలెను. తెలంగాణమునందు 2023 డిసెంబరు 9వ తేదీనుండి స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితము. కండక్టరు చేతికిచ్చిన సున్న రూపాయల టిక్కెట్టును చూచి నాకు కొంత సిగ్గును, కొంత యూరటయు కలిగినవి. ఒకప్పుడు మేము కారులో తప్ప కదలెడివారము కాము.

దారిలో సింగూరు జలాశయపు ప్రసక్తి వచ్చినది. మంజీర యను నీ నది మహారాష్ట్రమునందలి బాలాఘాటు కొండలలో బుట్టి, కర్ణాటకమును దాటి, తెలంగాణములో బ్రవేశించి, సంగారెడ్డి ప్రాంతమున వెనుదిరిగి యుత్తరముగా బాఱి, కందకుర్తి యొద్ద గోదావరిలో గలియుచున్నది. తూర్పునకు బోవుచు బోవుచు వచ్చిన దారినే మఱలినట్లు తోచు నదిని నేను మఱియొకచోట చూడలేదు. 1989లో పూర్తియైన సింగూరు ఆనకట్ట నీరు చిరకాలము హైదరాబాదువారి దాహము తీర్చినది. నీరు తమ ముంగిటనే పాఱినను, వాన కురియనిచో నీ సీమ పొలములు బీడే యని బస్సులో నా ప్రక్కన గూర్చున్న ముసలమ్మ చెప్పెను.

నారాయణఖేడును జనులు పొట్టిగా ‘ఖేడ్’ అందురు. మహారాష్ట్రభాషలో ఖేడమనగా పల్లె. 1956వ సంవత్సరపు రాష్ట్రముల పునర్విభజనకు ముందు ఈ తాలూకా బీదరు జిల్లాలోనిది. ఆ యేట బీదరు మైసూరు రాష్ట్రమున జేరగా, ఈ తాలూకా మెదకు జిల్లాలో కలిసినది. 2016నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. ఆ కారణముననే కాబోలు, అంగడిలో నొక్క గడియ నిలిచిన యెడల తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ, లంబాడీల పలుకు ఐదును చెవిని బడును. కూరగాయలమ్ము స్త్రీ యొకరితో నొక భాషలో బేరమాడి, చిల్లర మఱియొక భాషలో లెక్కపెట్టుట జూచి నేనాశ్చర్యపడితిని. అంగటినిండ కందులు, పెసలు, మినుములు, జొన్నలు. మా చెల్లెలు జొన్నరొట్టె చేతితో దట్టుటలో నారితేరినది. పీటయు, కఱ్ఱయు లేకయే రొట్టెను పూర్ణచంద్రునివలె గుండ్రముగా జేయును.

పండుగ మఱునాడు మా చెల్లెలు నన్ను బీదరునకు దీసికొనిపోయినది. బహమనీ సుల్తానులు 15వ శతాబ్దమున రాజధానిగా జేసికొన్న పట్టణమది. ఇరాను దేశమునుండి వర్తకుడై వచ్చి, ఆ రాజ్యమునకు ప్రధానమంత్రి యైన మహమ్మదు గవాను 1472లో గట్టించిన విద్యాలయము నచ్చట జూచితిమి. 1481లో శత్రువులు కల్పించిన దొంగయుత్తరమును నమ్మి సుల్తానే యాయనను జంపించెను. తరువాత రెండు శతాబ్దములకు మందుగుండు ప్రేలి యా విద్యాలయపు ముందుభాగము చాలవఱకు కూలినది. నేడు రెండు గోపురములలో నొక్కటియే నిలిచియున్నది. దానిమీది నీలి, పసుపు పెంకులు నక్కడక్కడ మెఱయుచున్నవి.

అటుపిమ్మట బిద్రీపని చేయువారి యంగడికి బోయితిమి. తుత్తునాగమును గొంచెము రాగితో గలిపి కరగి పోతపోసి, దానిపై తీగెలు చెక్కి, ఆ చాళ్ళలో వెండిని పొదుగుదురు. అప్పుడు పాత్ర బూడిదరంగుననుండి, వెండి యంతగా గనబడదు. కడపట కోటలోని మట్టిని నవాసారముతో గలిపిన నీటిలో పాత్రను కాచి రుద్దుదురు. పాత్ర కాటుకవలె నల్లనగును. వెండికి మాత్రము నలుపంటదు. అప్పుడుగాని పువ్వులు, తీగెలు కన్నులకు గట్టవు. “చూచితివా యక్కయ్యా! నలుపు పట్టిన పిమ్మటనే వెండి తెలియవచ్చినది,” అని మా చెల్లెలనినది. ఆమెకు నా సంగతి తెలియునేమో యని నాకు గుండె దడదడలాడినది. ఒక చిన్న భరిణె కొనవలెనని యున్నను, వెల విని కౌగిట నున్న సంచిని మఱింత గట్టిగా బట్టుకొని మరలితిని.

మూడవనాటి రాత్రి సమీపగ్రామమున చిందు భాగవతము. సత్యహరిశ్చంద్ర నాటకమని చెప్పిరి. నాకు పోవలెనని లేకుండెను. “మనసు బాగులేనివారికి ఆటలేల?” అంటిని. “మనసు బాగులేనివారికే యాట కావలెను,” అని చెల్లెలు నా చేయి పట్టుకొని లేవదీసినది.

చిందు కళాకారులు తరతరములుగా ఈ యాటనే జీవనముగా జేసికొన్నవారు. నిజామాబాదు ప్రాంతపు చిందు ఎల్లమ్మ, స్త్రీయై యుండియు, పురుషపాత్రలను ధరించి మెప్పించినదని ప్రసిద్ధి. జనగామ ప్రాంతమునకు జెందిన గడ్డం సమ్మయ్యగారికి ఈ కళయందలి సేవకుగాను 2024లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఇంత కీర్తి గల కళకు ఆ రాత్రి రంగస్థలమేమనగా, చావడిముందర నాలుగు గుంజలు, ఒక తెఱ, రెండు దీపములు. తేలికకఱ్ఱతో జెక్కి రంగులు పూసిన కిరీటములు, భుజకీర్తులు. మొగములకు పసుపుపచ్చని రంగు. మద్దెల మ్రోగగానే చాపలపై నిద్రించుచున్న పిల్లలు లేచి కూర్చుండిరి. పడుచువారు కొందఱు చేతి టెలిఫోనులలో బొమ్మలు పట్టుచుండిరి. మఱికొందఱు వేఱు బొమ్మలు చూచుచు నటునిటు తిరుగుచుండిరి. కదలక కూర్చున్నవారు స్త్రీలు, వృద్ధులు.

మా ప్రక్కన తండానుండి వచ్చిన యొక పడుచు, ఒడిలో చంటివానిని, ప్రక్కన పన్నెండేండ్ల కూతును బెట్టుకొని కూర్చుండెను. ఆమె యేటేట మా చెల్లెలింటికి సీతాఫలములు తెచ్చి యమ్మునట. ఆ పిల్ల కస్తూర్బాగాంధీ బాలికా విద్యాలయమున నాఱవ తరగతి చదువుచు, పండుగకు సెలవుపై వచ్చినది. బీదపిల్లలకు, బడి మానిన పిల్లలకు భోజనవసతులతో చదువు చెప్పుటకై 2004లో నారంభమైన పాఠశాలలవి. మఱునాటి యుదయముననే ఆ కుటుంబము చెఱకు నఱకుటకు వలసపోవలసియున్నదని చెల్లెలు నా చెవిలో జెప్పినది.

నడుమ ఆట నాపి చదివింపులు మొదలుపెట్టిరి. ఒక్కొక్కరి పేరును హాస్యగాడు బిగ్గరగా జదివి దీవించుచుండెను. ఆ పడుచు కొంగుముడి విప్పి యిరువది రూపాయలిచ్చినది. నేనూరకుండలేక, “రేపు కూలికి బోవలసినదానవు. ఇరువది రూపాయలు దాచుకొనరాదా?” అంటిని.

ఆమె నా వైపు చూచి నవ్వినది. “ఆర్నెల్లు మాకు చెఱకే కనబడ్తది అక్కా. ఈ రాత్రి జూసింది ఆడ చెప్పుకుంట కోస్తం. ఆట ముచ్చట లేకుంటే చెయ్యి లేవది,” అనినది. నేను సిగ్గుపడి మాటాడలేదు.

తెఱ మఱల లేచినది. కాశీపురమున హరిశ్చంద్రుడు భార్యను అమ్మజూపు ఘట్టము వచ్చినది. నిన్నటిదాక చక్రవర్తి యైనవాడు నడివీధిలో నిలిచి, ఆలిని, కొడుకును కొనువారెవరని కేక వేయుచున్నాడు. నేనీ కథను చిన్ననాటినుండి ఎన్నిమాఱులో వింటిని. ఎన్నడును కన్నీరు రాలేదు. ఆ రాత్రి చంద్రమతి తల వంచుకొని, కొడుకు చేయి పట్టుకొని, కొనినవాని వెంట నడచిపోవునప్పుడు మాత్రము మా యింటి తాళపుచెవులను క్రొత్త యజమాని చేతబెట్టిన దినము జ్ఞాపకమునకు వచ్చి వెక్కివెక్కి యేడ్చితిని. చెల్లెలేమియు నడుగక నా వీపుపై చేయి వైచినది. పిమ్మట లోహితుడు పాముకాటున బడిపోగా, ప్రక్కనున్న పడుచు నిదురించుచున్న తన కూతును దగ్గఱకు లాగికొని, ఆట ముగియువఱకు విడువలేదు.

తెల్లవాఱుజామున నింటికి నడచి వచ్చుచు చెల్లెలికి సర్వమును చెప్పితిని. “ఇల్లు పోయినందుకు కాదక్కయ్యా, ఆఱునెలలు నాకు చెప్పకుండ నీలోనే పెట్టుకొన్నందుకు నాకు నొప్పిగా నున్నది,” అని యామె కన్నీరు పెట్టుకొన్నది. అంతకు మించి మేమేమియు మాటాడుకొనలేదు. మాటాడవలసిన యవసరమును లేకపోయినది.

సూర్యోదయమున తండాకు బోయితిమి. ఈ చెఱకు వలసల రీతి మా మఱదిగారు నాకు వివరించిరి. వానకాలపు పంట చేతికి వచ్చినను రాకున్నను, దసరా దీపావళుల నాటికి మేస్త్రీ వచ్చి బయానా నిచ్చును. ఆలుమగలు కలిసి యొక జత. మగడు నఱకును, ఆలు ఆకు దీసి కట్టలు కట్టును. ఒకరు లేకున్న రెండవవానికి పని లేదు. నఱకిన చెఱకు నిలువయున్న కొలది తీపి తగ్గును గనుక, మిల్లునకు వెంటనే చేరవలెను. అందుచే రాత్రి యనక పగలనక పని. కూలి టన్నుల లెక్క. ఆ లెక్కలో బయానా తీరినయెడల మిగులు, తీరకున్న వచ్చు నేటికి బాకీ. తల్లి పొలములో నుండగా చంటిబిడ్డను జూచుటకు, గుడిసెలో గంజి కాచుటకు పెద్దకూతురు కావలెను. ఆడుపిల్లల బడి యిచ్చటనే తెగిపోవుచున్నది.

రెండు ట్రాక్టర్లు సిద్ధముగా నుండెను. కుండలు, జొన్నమూటలు, గొంగళ్ళు, కోళ్ళగంప, పిల్లలు, కత్తులు అన్నియు నొక్కచోటనే. మన సీతాఫలముల పడుచు మూట లెక్కించుచుండెను. కూతురి రేకుపెట్టెయు బండిమీదనే యున్నది. పిల్ల నేలజూపు చూచుచు ప్రక్కన నిలిచియున్నది. “పిల్ల రాకుంటే చంటోణ్ణి ఎవరు చూస్తరు? పని తగ్గితే బాకీ మీకే,” అని మేస్త్రీ గట్టిగా ననెను. అతడు క్రూరుడని నేననను. అతడును మిల్లువారికి లెక్క చెప్పవలసినవాడే. తండ్రి మాటాడలేదు.

మా చెల్లెలు మెల్లగా, “పిల్లను నేను బడిలో దిగబెట్టెదను. సెలవులకు మా యింట నుండును,” అనినది. ఆ తల్లి యొక నిమిషము చెల్లెలి మొగమును, ఒక నిమిషము కూతురి మొగమును జూచినది. పిమ్మట రేకుపెట్టెను తానే దింపి చెల్లెలి కాళ్ళయొద్ద బెట్టినది. “ఉగాదికి వస్త. సార్ చెప్పినట్టు ఇను బిడ్డా,” అని మాత్రము కూతురితో జెప్పి, చంటివానిని వీపున గట్టుకొని బండి యెక్కినది. ఏడ్వలేదు. దుమ్ము కనబడునంతవఱకు పిల్ల నిలిచి చూచినది. పిమ్మట పెట్టె తీసికొని మా ముందర నడచినది.

నాటినుండి నేను పలుమాఱు ఆలోచించుచున్నాను. నాటకములో హరిశ్చంద్రునకు కష్టము పరీక్ష మాత్రమే. కడపట దేవతలు ప్రత్యక్షమై కొడుకును బ్రతికించి, రాజ్యము నిచ్చివేయుదురు. చెఱకుతోటలోనికి దేవతలెవరును వచ్చుట లేదు. బండి యెక్కినవారికి పరీక్ష యేటేట మొదటికి వచ్చుచున్నది. ఆట చూచినంతమాత్రమున బాకీ తీరదు, మా దుకాణమును తెఱువబడదు. అయినను ఆ రాత్రి వ్యర్థమని నేననజాలను. పరుల కథలో మన కష్టమును చూచినగాని దానిని నోరు విప్పి చెప్పుటకు మనకు ధైర్యము రాదు. నేను చెల్లెలితో నిజము చెప్పగలుగుటకును, ఆ తల్లి పెట్టె దింపగలుగుటకును ఆ కఱ్ఱకిరీటముల రాజే తోడ్పడెనని నా నమ్మకము.

ఇంటికి వచ్చిన పిమ్మట నిరుగుపొరుగువారితో దాపఱికము మానితిని. అడిగినవారికి ఉన్నమాట చెప్పితిని. పరామర్శలు వారము దినములలో నడగినవి. పాత కుట్టుమిషను బాగుచేయించి, రవికలు కుట్టుచున్నాను. మా వారొక దుకాణమున లెక్కలు వ్రాయుచున్నారు. అద్దెయింటి గడపకు పసుపు పూసితిని.

ఉగాదికి చెల్లెలు టెలిఫోనులో మాటాడినది. తండావారు తిరిగి వచ్చిరట. చంటివానికి నడుమ జ్వరము వచ్చి తగ్గినదట. బయానా పూర్తిగా దీరలేదు; కొంత వచ్చు నేటికి నిలిచినది. పిల్ల తల్లిని జూచుటకు పండుగ సెలవునకు బోయి, తిరిగి బడికి వచ్చినది. దీపావళికి మఱల మేస్త్రీ వచ్చును. రేకుపెట్టె మఱల బండిమీది కెక్కునో లేదో ఎవరును చెప్పలేరు. “ఆ దినమున నీవు కూడ నాప్రక్కన నుండవలెను,” అని చెల్లెలనినది.

ఈ దీపావళికి నేనే సాకును చెప్పదలచుకొనలేదు.