కనుమ పూట టామీకేం పెడదాం?

గాజువాక దాటి ఉక్కునగరంలో అడుగుపెడితే పండగ వచ్చిందని ముక్కే చెప్పేస్తుంది. ఒక క్వార్టరులో అరిసెల పాకం, పక్కదాంట్లో కోడికూర మసాలా. వరండాలో కట్టేసిన టామీకైతే అన్నీ ఒకేసారి తెలిసిపోతాయి! బ్లాస్ట్ ఫర్నేసుకి పండగ సెలవుండదు కదండీ, ఇంటాయన ఏ షిఫ్టు చేసుకుని ఏ వేళకి వచ్చినా తన కంచంలోంచి ఓ ముద్ద దానికి వేస్తారు. అంతకుముందే పిల్లలు వేసి ఉంటారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన అత్తగారూ వేసే ఉంటారు. ఎవరేం పెట్టారో ఎవరికీ తెలీదు.

అసలు తంటా ఉల్లిపాయతోనే. నైవేద్యం గారెల్లో ఉల్లి వెయ్యం గానీ, కనుమనాడు కోడికూరలోకి వండేవాటిలో చాలామంది వేస్తారు. కూరలో ఎలాగూ ఉండనే ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా వండినవైనా కుక్కల, పిల్లుల రక్తంలోని ఎర్రకణాల్ని పాడుచేస్తాయి. తినగానే ఏమీ కనిపించకపోవచ్చు. రెండు మూడు రోజులు పోయాక, చుట్టాలంతా వెళ్లిపోయాక, మూల పడుకుంటుంది. చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ముదురురంగులో వస్తుంది. ‘పండగ తిండి ఎక్కువైందిలే’ అని ఊరుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

పిల్లుల వైభోగం చూడాలంటే మాత్రం ఫిషింగ్ హార్బరుకి వెళ్లాలి. చేపల బుట్టల మధ్య ఏం దర్జాగా తిరుగుతాయనీ! అక్కడ వాటికి దొరికేది పచ్చి చేప. మనింటి పిల్లికి దొరికేది పులుసు. ఉల్లి విషయంలో పిల్లి కుక్క కన్నా సున్నితం. ముక్క కడిగి పెడితే చాలదా అంటారు కొందరు. చాలదు, ఉల్లి రసం ముక్కలోకి ఇంకిపోయి ఉంటుంది. పులుసులో వెయ్యకముందే ఒక వంజరం ముక్క పక్కకి తీసి, ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముల్లు ఏరి పెట్టండి.

కోడి ఎముకలూ అంతే. ఉడికిన ఎముక సూదుల్లా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. పాత ఊళ్లో రాస్ కొండ దిగువన క్రిస్మస్ కేకు పంచుకునే ఇళ్లలోనూ జాగ్రత్త కావాలి. కేకులోదైనా మన పాయసంలోదైనా ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. చాక్లెట్ గుండెకి చేటు.

పొరపాటున తినేస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించబోకండి, అది ఇంకా ప్రమాదం. ఏం తిందో, ఎంత తిందో, ఎప్పుడు తిందో డాక్టరుకి చెప్పండి. పండగ మూడు రోజులూ ఏ పశువైద్యుడు అందుబాటులో ఉంటారో భోగికి ముందే కనుక్కుని, ఆ నంబరు వంటింటి క్యాలెండరు మీద రాసుకోండి. ఆ పక్కనే ‘టామీ తిన్నాడు, ఇంకేం పెట్టకండి’ అని కూడా పెద్దక్షరాలతో రాయండి, అత్తగారికి కళ్లద్దాలు లేకపోయినా కనిపించేలా!