పొగను బట్టి రోగం

*లారీ దగ్గిందంటే విజయవాడ ఆటోనగర్ చెవులు రిక్కిస్తుంది!*

ఉదయం ఎనిమిది గంటలు. విజయవాడ ఆటోనగర్ గేటు దాటగానే కళ్లకన్నా ముందు చెవులకు పని పడుతుంది. ఒకచోట సుత్తి దెబ్బలు, ఇంకోచోట గ్రైండర్ కీచుమనే శబ్దం, మరోచోట వెల్డింగ్ చిటపటలు. వాటన్నిటి మధ్యనుంచీ ఓ లారీ రొప్పుకుంటూ వస్తోంది. టీ బండి దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడ్డ మెకానిక్ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. 'ఎక్కడో గ్యాస్‌కట్ పోయింది. మన మేస్త్రీ దగ్గరికే వెళ్తుంది చూడు' అన్నాడు పక్కవాడితో. అన్నట్టే ఆ లారీ నాలుగు షెడ్లు దాటి ఓ సైలెన్సర్ షెడ్డు ముందు ఆగింది.

చప్పుడు విని జబ్బు చెప్పేవాళ్లు ఇక్కడ వీధికొకరు ఉంటారు. పొగ రంగు చూసి చెప్పేవాళ్లయితే షెడ్డుకొకరు!

రెండు దారులు కలిసేచోట...

కోల్‌కతా నుంచి చెన్నై వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాద్ నుంచి మచిలీపట్నం వచ్చే 65వ నంబరు రహదారి కలిసే ఊరు విజయవాడ. నాలుగు దిక్కులా తిరిగే లారీలకు ఇది మజిలీ. నగరంలో అక్కడక్కడా చెట్ల కింద, రోడ్ల పక్కన రిపేర్లు చేసుకునే షెడ్లన్నిటినీ ఒకచోటికి చేర్చాలని 1960లలో మొదలైందే జవహర్ ఆటోనగర్. ఆసియాలోనే ఇంత పెద్దది లేదని స్థానికులు గర్వంగా చెప్పుకుంటారు. ఆ లెక్క ఎలా ఉన్నా, ఒట్టి ఛాసిస్‌గా వచ్చిన బండి క్యాబిన్, బాడీ, రంగులు, సీట్లు అన్నీ తొడుక్కుని పెళ్లికొడుకులా బయటికి వెళ్లడానికి ఈ వీధులు దాటి పోనక్కర్లేదన్నది మాత్రం నిజం. కమాన్ కట్టలు వేసేవాళ్లు ఒక వరసలో, రేడియేటర్లు అతికేవాళ్లు మరో వరసలో. లేత్ పని ఒకచోట, టైర్ల రీట్రేడింగ్ ఇంకోచోట. పొగగొట్టానిదీ, దాంతోపాటు ఇంజిను 'పికప్'దీ ఇక్కడ ప్రత్యేకంగా ఓ విద్యే.

చేపల లారీ తొందర

వచ్చిన లారీ చేపలది. కైకలూరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన చేపల్ని ట్రేలలో ఐసు మధ్య పేర్చి హౌరా మార్కెట్‌కు తోలే బండి. దారి పొడవు సుమారు 1200 కిలోమీటర్లు. ఐసు కరిగేలోపు చేరాలి. ఆలస్యమైతే రేటు పడిపోతుంది. రేటు పడితే యజమాని మొహం మాడుతుంది. డ్రైవర్ కిరాయిలో కోత పడుతుంది.

'మేస్త్రీ గారూ, బండి ఎక్కట్లేదండీ. ఫ్లైఓవర్ ఎక్కాలన్నా రెండో గేరుకి దిగాల్సొస్తంది. సైలెన్సర్ కోసేసి తిన్నగా పైపు వేసెయ్యండి. పంపు కూడా కాస్త పెంచారంటే సాయంత్రానికి లోడెక్కించుకుంటాను' అన్నాడు డ్రైవర్. ముప్పై ఏళ్లు కూడా ఉండవు.

మేస్త్రీకి అరవై దాటాయి. పదమూడో ఏట నట్లు కడిగే పనితో షెడ్డులో అడుగుపెట్టిన మనిషి. 'ముందు ఓసారి రేజ్ చెయ్ అబ్బాయ్' అన్నాడు. యాక్సిలరేటర్ తొక్కగానే కుడిపక్క గొట్టంలోంచి నల్లటి పొగ గుప్పుమంది. ఎదుటి షెడ్డులో రంగులు వేస్తున్న కుర్రాడు తిట్టుకుంటూ తలుపు మూసుకున్నాడు.

'ఇది పైపు రోగం కాదు' అని తేల్చేశాడు మేస్త్రీ.

నలుపు, తెలుపు, నీలం

ఆటోనగర్‌లో పనికి చేరిన కుర్రాడికి స్పానర్ సైజులు నేర్పాక, పొగ రంగులు నేర్పుతారు. నల్ల పొగ వస్తోందంటే డీజిల్ ఎక్కువైందనో, గాలి తక్కువైందనో అర్థం. కాలని ఇంధనమే మసిగా బయటికొస్తుంది. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ మండుతోందని. రింగులో, వాల్వు గైడ్లో అరిగి ఉంటాయి. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే డీజిల్ సరిగా అంటుకోకుండానే బయటపడుతుండొచ్చు, లేదా రేడియేటర్ నీళ్లు లోపలికి కారుతుండొచ్చు. చలికాలం తెల్లవారుజామున స్టార్ట్ చేయగానే కనిపించి కాసేపటికి పోయే తెల్ల పొగతో భయం లేదు.

మరి గొట్టం మారిస్తే పికప్ పెరుగుతుందన్న నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చింది? అందులో కొంత నిజం లేకపోలేదు. కాలిన పొగ త్వరగా బయటికి పోతేనే సిలిండర్‌లోకి కొత్త గాలి నిండుగా వస్తుంది. సైలెన్సర్ లోపలి పలకలకు మసి పట్టి దారి ఇరుకైతే, పైపు ఎక్కడైనా సొట్టపోతే పొగ వెనక్కి తంతుంది. ఇంజిను ఆయాసపడుతుంది. టర్బో లేని పాత బండ్లలో ఇలాంటి అడ్డు తీస్తే తేడా డ్రైవర్ కాలికే తెలిసేది. అందుకే ఈ షెడ్డులో సగం పని అదే... సైలెన్సర్ దింపడం, తట్టి మసి రాల్చడం, తుప్పు పట్టిన ముక్క కోసి అదే కొలత పైపు అతకడం, వంపులు మెలిక పడకుండా నునుపుగా తిప్పడం.

బాగున్న సైలెన్సర్‌ని తీసేసినంత మాత్రాన కలిసొచ్చే బలం మాత్రం చాలా తక్కువ. చప్పుడు పెరుగుతుంది కాబట్టి బలం పెరిగినట్టు అనిపిస్తుందంతే!

పొగతో తిరిగే పంఖా

మేస్త్రీ సైలెన్సర్ జోలికే పోలేదు. ఎయిర్ ఫిల్టర్ విప్పించాడు. అట్ట పెట్టె నిండా దుమ్ము. తర్వాత టర్బో నుంచి ఇంజినుకు గాలి తీసుకెళ్లే రబ్బరు గొట్టం తడిమాడు. క్లిప్పు వదులైంది. ఆఖరికి టార్చి వేసి మానిఫోల్డు అంచు చూపించాడు. గ్యాస్‌కట్ పక్కన నల్లటి చార, కాటుక దిద్దినట్టు.

'చూశావా, ఇక్కడే కారిపోతంది నీ పికప్' అన్నాడు.

డీజిల్ కాలితే పుట్టే వేడిలో దాదాపు మూడోవంతు పొగతోపాటే బయటికి పోతుంది. ఆ వృథాని పట్టుకుని పనిలో పెట్టేదే టర్బో. బయటికి ఉరికే పొగ ఓ చిన్న చక్రాన్ని నిమిషానికి లక్ష చుట్ల దాకా తిప్పుతుంది. దాంతో ఒకే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి నెడుతుంది. టర్బోకు చేరకముందే మానిఫోల్డు దగ్గర పొగ కారిపోతే చక్రం సరిగా తిరగదు. చక్రం నెట్టిన గాలి వదులు క్లిప్పులోంచి జారిపోతే ఇంజినుకు అందదు. గాలి చాలక డీజిల్ నల్లగా మిగిలిపోతుంది. పొగగొట్టం వైపు చూస్తూ కూర్చుంటే ఈ రోగం ఎప్పటికీ దొరకదు.

సీలు విప్పితే...

'మరి పంపు కొంచెం పెంచండి' అని బతిమాలాడు డ్రైవర్.

పంపు పని వేరే గదిలో జరుగుతుంది. దుమ్ము పడకుండా తలుపు వేసి ఉంచే గది అది. దింపిన పంపుని టెస్ట్ బెంచి మీద బిగించి తిప్పుతారు. ఒక్కో సిలిండర్‌కి వెళ్లే డీజిల్ వరసగా పెట్టిన గాజు గొట్టాల్లో పడుతుంది. అన్నిట్లో మట్టం సమానంగా ఉండాలి. ఒకదాంట్లో ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువైతే ఇంజిను వణుకుతుంది. నాజిళ్లు ఎంత ఒత్తిడి దగ్గర తెరుచుకుంటున్నాయో, డీజిల్ మంచులా చిమ్ముతోందో ధారలా కారుతోందో విడిగా చూస్తారు. చివర్లో టాపెట్ల సందు, ఇంజెక్షన్ టైమింగు. ఆటోనగర్ భాషలో అసలైన 'ట్యూనింగ్' ఇదే. కంపెనీ చెప్పిన కొలతకి బండిని తిరిగి తీసుకురావడం. కొలత దాటించడం కాదు.

దాటించమని అడిగేవాళ్లకి మాత్రం కొదవ లేదు. పంపు సీలు తెంపి స్క్రూ కాస్త తిప్పితే డీజిల్ ఎక్కువ పడుతుంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఎగిరి దూకుతుంది. నాలుగు రోజులు బాగుంటుంది. ఆ తర్వాతే తంటా. నిండు లోడు మీద మామూలుగానే పొగ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. డీజిల్ పెరిగితే ఆ వేడి ఇంకా పెరుగుతుంది. పిస్టన్ తల కరగొచ్చు, హెడ్ పగలొచ్చు, టర్బో పోవచ్చు. మైలేజీ ఎలాగూ పడిపోతుంది.

మేస్త్రీ వయసులో ఉన్నప్పుడు ఓసారి అలా తిప్పాడు. ఆ బండి గిద్దలూరు - నంద్యాల ఘాట్‌లో ఆగిపోయింది. విప్పి చూస్తే పిస్టన్‌కి చిల్లు. ఆ చిల్లుపడ్డ పిస్టన్ ఇప్పటికీ షెడ్డులో దేవుడి పటం కింద ఉంటుంది. పంపు పెంచమన్న ప్రతివాడి చేతిలో దాన్ని పెడతాడు. చేపల లారీ డ్రైవర్ చేతిలోనూ పెట్టాడు. అతను రెండు నిమిషాలు అటూఇటూ తిప్పి చూసి, మారు మాట్లాడకుండా తిరిగిచ్చేశాడు.

చట్టం చూపు

లారీ పొగగొట్టం కుడివైపే ఎందుకుంటుందో చాలామంది గమనించరు. పొగను ఎడమవైపుకో, కిందికో వదలకూడదన్నది మోటారు వాహనాల నిబంధన. ఎడమపక్క నడిచేవాళ్లుంటారు, బస్టాపులుంటాయి. సైలెన్సర్ లేకుండా తిరగడమూ కుదరదు. 2019లో సవరించిన చట్టం ప్రకారం పొగ, చప్పుడు హద్దులు దాటితే పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల వరకు జైలు. లైసెన్సు కూడా మూడు నెలలు పక్కన పెట్టాల్సిందే. అనుమతి లేకుండా బండిని మార్పించుకున్న యజమానికైతే ఒక్కో మార్పుకి ఐదువేలు జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ.

పొగ పరీక్ష కూడా తేలికైనదే. ఇంజిను వేడెక్కాక యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కి, గొట్టంలో పెట్టిన పరికరంతో పొగ చిక్కదనం కొలుస్తారు. పాత డీజిల్ బండ్లకి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, బీఎస్-4 బండ్లకి 50 హద్దు. స్క్రూ తిప్పిన బండి ఇక్కడ దొరికిపోతుంది.

చెవి చాలని కాలం

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చింది. దాంతో లారీ పొగగొట్టం రూపమే మారిపోయింది. ఒకప్పుడు రేకు డబ్బా, రెండు వంపుల పైపు. ఇప్పుడది చిన్నపాటి రసాయన కర్మాగారం. మసిని పట్టి ఉంచి, వేడి పెరిగినప్పుడు కాల్చేసే జల్లెడ ఒకటి. ఆ తర్వాత యూరియా నీళ్లు చిమ్మే ఏర్పాటు. నూటికి 32.5 పాళ్లు యూరియా కలిపిన ఆ ద్రావణం పొగలోని విష వాయువులైన నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. అడుగడుగునా సెన్సర్లు. యూరియా అయిపోయినా, జల్లెడ పూడుకుపోయినా కంప్యూటర్ పసిగట్టి ఇంజిను బలం తగ్గించేస్తుంది.

ఇక్కడే కొత్త బేరాలు మొదలయ్యాయి. 'యూరియా ఖర్చు దండగ, ఆ సెన్సర్‌ని ఏమార్చే పెట్టె పెట్టండి', 'జల్లెడ పీకేసి మామూలు పైపు వేయండి' అని అడుగుతున్నారు కొందరు. మేస్త్రీ ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే ఆ బండి మరో షెడ్డుకు పోతుందనీ అతనికి తెలుసు. లాప్‌టాప్ తగిలిస్తే తప్ప రోగం తెలియని బండ్లు ఎక్కువయ్యేకొద్దీ, చెవితో బతికినవాళ్లకి పని తగ్గుతోంది. అందుకే కొడుకుని కంప్యూటర్‌తో స్కానింగ్ నేర్చుకోమని పంపాడు. సాయంత్రాలు కొడుకు తెర మీద అంకెలు చదువుతుంటే తండ్రి గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూస్తాడు. చాలాసార్లు ఇద్దరి మాటా ఒకటే అవుతుంది.

వద్దనడానికి అతనికి ఇంకో కారణమూ ఉంది. డీజిల్ పొగ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చిచెప్పింది. మేస్త్రీకి ఆ నివేదిక సంగతి తెలియదు. తనతోపాటు పని నేర్చుకున్న నేస్తాలకి ఎడతెగని దగ్గు రావడం మాత్రం కళ్లారా చూశాడు. తనకూ కుడి చెవి సరిగా వినపడదు. 'బండి రోగం చెప్తాం గానీ, మా రోగం మేం చూసుకోలేదు' అంటాడు. ఇప్పుడు షెడ్డులో ఇంజిను స్టార్ట్ చేస్తే పెద్ద ఫ్యాను తిరగాల్సిందే. కుర్రాళ్లు మాస్కు పెట్టుకోకపోతే ఆ పూట టీ లేదు!

మళ్లీ రోడ్డెక్కి...

మధ్యాహ్నం మూడు దాటింది. కొత్త గ్యాస్‌కట్, కొత్త ఫిల్టర్, రెండు క్లిప్పులు, సైలెన్సర్ కింద ఓ చిన్న అతుకు. డ్రైవర్ అనుకున్న ఖర్చులో సగం కూడా కాలేదు. ఈసారి యాక్సిలరేటర్ తొక్కితే గొట్టంలోంచి సన్నటి బూడిదరంగు పొగ ఇలా కనిపించి అలా మాయమైంది. టర్బో ఈల సన్నగా వినిపించింది. మేస్త్రీ ఎడమ చెవి అటు పెట్టి తలూపాడు.

'గంట ముందు చేరాలని గొట్టం కోసుకోకు. దారిలో నీలాంటోళ్ల పిల్లలే నిద్రపోతుంటారు' అన్నాడు.

'సరేనండీ' అంటూ డ్రైవర్ గేరు వేశాడు. లారీ గేటు దాటి కైకలూరు వైపు తిరిగింది. ఎదుటి షెడ్డులో రంగుల కుర్రాడు ఈసారి తలుపు మూయలేదు.