పుత్లీబౌలిలో తాతయ్య రోడ్‌కింగ్

కోఠిలో బస్సు దిగి గౌలిగూడ వైపు కాస్త నడిస్తే పుత్లీబౌలి. హైదరాబాద్‌లో బైక్ పిచ్చి ఉన్నవాళ్లకి ఈ పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. షాపుల ముందు సైలెన్సర్లు, హ్యాండిళ్లు, రిమ్ములు వేలాడుతుంటాయి. కొత్త బండి రూపం మార్చాలన్నా, పాత బండికి ఎక్కడా దొరకని లీవర్ కావాలన్నా ఇక్కడికే రావాలి.

బాబాయ్, నేనూ ట్రాలీ ఆటోలో వేసుకొచ్చింది 1986 యెజ్డీ రోడ్‌కింగ్. తాతయ్య కొన్న బండి. బాబాయ్ డిగ్రీ రోజుల్లో దాన్ని చాపర్ చేయించాడు. పొడుగు హ్యాండిల్, వెనక లావు టైరు, ముందు ఇంకేదో బండి డిస్క్ బ్రేక్, పొట్టి సీటు. ఏళ్లుగా మెట్ల కింద పడి ఉంది. ఇప్పుడు ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేశారు, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. బండిని పాత రూపానికి తేవాలా, విప్పి ముక్కలుగా అమ్మేయాలా?

తెలియనివాళ్లకి రెండు మాటలు. చెకొస్లొవేకియా జావా బండ్లని మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి తయారు చేసింది. తర్వాత వాటికే యెజ్డీ అని పేరు. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. రోడ్‌కింగ్ 250 సీసీ టూ స్ట్రోక్, ఒకే సిలిండర్‌కి రెండు సైలెన్సర్లు. కిక్ రాడ్డే గేర్ రాడ్డు కూడా! కొత్తవాళ్లకి స్టార్ట్ చెయ్యడం రాదు, బండికి సగం సెక్యూరిటీ అదే. 2022లో యెజ్డీ పేరుతో మళ్లీ బండ్లొచ్చాయి కానీ అవి ఫోర్ స్ట్రోక్. వాటి ఇంజిన్ సామాను దీనికి పనికిరాదు.

మొదటి షాపతను లెక్క చెప్పేశాడు. బండి మొత్తానికైతే 30 వేలు. విప్పితే ఇంజిన్, ట్యాంకు, హబ్బులు కలిపి అంతకంటే చాలా ఎక్కువ. నిజం చెప్పాలంటే ఆ లెక్కలో తప్పేం లేదు.

పక్క సందులో ఒక ముసలి ఉస్తాద్ మాత్రం ఇంజిన్ వైపే చూడలేదు. కిరోసిన్ గుడ్డతో హ్యాండిల్ కింద మెడ దగ్గర జిడ్డు తుడిచాడు. "ఇంజిన్‌ది ఏముంది భయ్యా, బోరింగ్ కొట్టిస్తా, క్రాంక్ చేయిస్తా. నంబర్ పోతే నేనేం చెయ్యాలె?"

నంబర్ ఆర్‌సీతో కలిసింది. తర్వాత ఫ్రేమ్ మొత్తం వేలితో తడుముకుంటూ పోయాడు. పొట్టి సీటు కోసం తోక దగ్గర మాత్రమే కోశారు, మెయిన్ పైపు ముట్టుకోలేదు.

ఇదెందుకు ముఖ్యమంటే, మన ఆర్‌సీ 2016తోనే అయిపోయింది. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, ఆర్‌టీఓ దగ్గర బండి చూపించాలి. కంపెనీ ఇచ్చిన రూపం మార్చిన బండి అక్కడ ఇరుక్కుంటుంది. 2021లో వచ్చిన వింటేజ్ రూల్ కూడా 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకే. మనది 2036లో ఆ వయసుకొస్తుంది. అంటే స్టాక్ లుక్ ముచ్చట కోసం కాదు, రోడ్డెక్కాలంటే అదే దారి. విప్పి అమ్మడం కూడా అనుకున్నంత తేలిక కాదు, బండి ఇక లేదని 14 రోజుల్లో ఆర్‌టీఓకి తెలపాలి. అదే మెయిన్ పైపు కోసేసి ఉంటే నేనే విప్పమనేవాణ్ని, మొహమాటం లేకుండా.

ఉస్తాద్ షెడ్డు వెనక ఇంకో రోడ్‌కింగ్ ఉంది. దానికి కాగితాలే లేవు, మెడ కూడా విరిగింది. అతను దాని తోక మీద సుద్దముక్కతో గీత గీసి, "ఇది నీ బండికి" అన్నాడు. సీటు, ముందు బ్రేక్ హబ్బు కూడా దాని నుంచే. మా లావు టైరు, డిస్క్ అక్కడే అమ్మితే సగం ఖర్చు తేలింది. బేరం మొత్తం బాబాయే ఆడాడు.

చాపర్ హ్యాండిల్‌కి కూడా మంచి రేటే చెప్పారు. బాబాయ్ వినిపించుకోలేదు. ఆటోలో కాళ్ల మధ్య పెట్టుకుని ఇంటికి తెచ్చేశాడు.